పుస్తకంలో కూలీలకు నాగాలుండవు

"ఇది లెక్కా? దీన్ని లెక్కంటారా ఎవరైనా? తలా లేదు, తోకా లేదు, కాగితం మధ్యలో జవాబొక్కటి కూర్చుంది!"

"జవాబు తప్పా సారూ?"

"తప్పని నేనన్నానా?"

"మరింక లొల్లి దేనికి?"

"దారేదమ్మా? ఏ దారిన వచ్చిందో రాయాలా వద్దా? రాయకపోతే పక్కవాళ్ళ కాగితంలో చూసి రాసిందనుకోనా?"

"ఎవరి కాగితం జూస్తది సారూ? క్లాసు మొత్తంల ఆ జవాబు వచ్చింది ఆ ఒక్క పిల్లకేనాయె! ఎవరికాడ లేని జవాబును యాడికెల్లి దొంగతనం జేస్తది?"

అవతల లెక్కల సారు, ఇవతల చీపురు చేత పట్టుకుని ఆయాను నేను. గోదావరిఖనిలో గని కార్మికుల కాలనీ బడి అది. ఎనభైలు అయిపోవస్తున్న రోజులు. ఏప్రిల్ నెల, ఒంటిపూట బడి విడిచిన మిట్టమధ్యాహ్నం, వరండాలో మా గొంతులకు పెంకుల మీది పిచ్చుకలు లేచిపోయాయి. కొత్తగా పంతులు ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అడిగారని ఆ ముచ్చట రాస్తున్నాను. బడి ఊడ్చే మనిషి లెక్కల గురించి చెప్పడమేమిటని నవ్వొస్తే ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వితే నాకు కోపం వస్తుంది.

నా చదువు మూడో తరగతి. నాలుగోదానికి పక్క ఊరు పోవాలి. మా నాయన బర్రెను మేతకు పంపాడు, బర్రె వెనక నన్ను పంపాడు. అక్కడితో సరి. పెళ్ళయి గనుల దగ్గరికి వచ్చాక ఈ ఆయా పని దొరికింది. గంట కొట్టడం, ఊడవడం, తాగే నీళ్ళు నింపడం, సుద్దముక్కల డబ్బాకు కాపలా కాయడం. ఆఖరిది నాకెవరూ అప్పజెప్పలేదు, నేనే తీసుకున్నాను. కొత్త సుద్దముక్క కావాలంటే పాతదాని మిగులు చూపించాలి. గోరంత మిగిలినా పారెయ్యనిచ్చేదాన్ని కాదు, డాల్డా డబ్బాలో వేసి దాచేదాన్ని. తెల్లకాగితాలకూ అంతే కాపలా. పంతుళ్ళు వెనకాల నన్నేమని పిలుచుకునేవాళ్ళో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

బడికి పంతుళ్ళు తక్కువ, సెలవులు ఎక్కువ. ఏ సారు రాకపోయినా పెద్దసారు నా వైపు చూసేవాడు. పెద్దసారు అంటే మా హెడ్మాస్టరు, సాయిబు, ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, కోపం వస్తే రెండూ. "ఆయమ్మా, జర పోరగాండ్లను సముదాయించు, నువ్వు కూసుంటె సాలు" అనేవాడు. కూర్చునేదాన్ని. పిల్లలు పలకలు తీసేవాళ్ళు. బలపాలు కొనుక్కునేదే సగం రాయడానికి, సగం తినడానికి. తిన్నవాళ్ళు నా దగ్గరికి వచ్చి సుద్దముక్క అడిగేవాళ్ళు. ఎక్కడినుంచి తేను?

"పలకలు కింద పెట్టుర్రి. నోటితోని చెయ్యిర్రి. సుద్ద అరుగుతది గని బుర్ర అరగదు" అన్నాను ఓ రోజు.

నా నోటిలెక్కల బడి అట్లా మొదలైంది. చదువు మీద ప్రేమతో అని రాస్తే బాగుంటుంది కానీ, పొదుపుతోనే మొదలైంది.

నలభై ఎనిమిదికి ఇరవై ఏడు కలపాలి. వేళ్ళు లెక్కబెట్టకండర్రా అన్నాను. నలభై ఎనిమిది యాభై కావాలని ఎదురుచూస్తున్నది, రెండే తక్కువ. పక్కింటి ఇరవై ఏడు దగ్గర రెండు మిరపకాయలు చేబదులు తెచ్చినట్టు తెచ్చుకోండి. యాభై, ఇరవై అయిదు. ఇప్పుడు చెప్పండి. డెబ్బై అయిదని కప్పు ఎగిరిపోయేట్టు అరిచేవాళ్ళు. తొంభై తొమ్మిదంటే భయమెందుకు, నూరనుకో, పని కానియ్యి, ఎక్కువ వేసుకున్నది చివర్న తీసెయ్యి. పైకప్పు మీద పెంకులెన్ని? ఒక్క వరస లెక్కబెట్టు, వరసలు లెక్కబెట్టు, మిగతాది మెడ నొప్పి. బొగ్గు బండి పోతుంటే వ్యాగన్లెన్నని పందెం. చింతగింజలు పిడికెడు తీసి ఎన్నున్నాయో చూడకుండా చెప్పాలి. ముందు నీ పిడికిలి నీకు తెలియాలి, నా పిడికిలి లెక్క నీకు పనికిరాదు.

నీళ్ళ డ్రమ్ము నింపడం కూడా లెక్కే. డ్రమ్ముకు పదహారు బిందెలు పడతాయి. మోసేది మీరు. ఎన్ని మొయ్యాలి? పదహారు అన్నవాడికి నా దగ్గర మొట్టికాయ. దారిలో ఒలికేదెవడి లెక్క? పదిహేడు అనాలి. అందాజ, అంటే ఉజ్జాయింపు, వేసేటప్పుడు లోకాన్ని మరిచిపోవద్దని గట్టిగా చెప్పేదాన్ని. అంత గట్టిగా చెప్పకపోతే బాగుండేదని తర్వాత అనిపించింది, అదీ చెబుతాను.

ఆ కాలంలో వచ్చాడు ఈ లెక్కల సారు. కోస్తా నుంచి, తెల్ల చొక్కాలతో. ఇక్కడ తెల్లవి వద్దు సారూ అని మొదటి రోజే చెప్పాను. వినలేదు. వారానికి కాలరు బొగ్గుపొడికి బూడిద పిల్లి రంగుకొచ్చింది. మంచి సారే. ఆలస్యంగా రాడు, పిల్లల్ని కొట్టడు. కానీ లెక్కంటే ఆయనకు మూడు గదుల ఇల్లు. ఇవ్వబడినది, కనుగొనవలసినది, సాధన. కింద స్కేలు పెట్టి రెండు గీతలు. పావుశేరు పేలాలు తేవడానికి పోయి మూడు దరఖాస్తులు పెట్టినట్టుండేది నాకు.

ఆయన కోపానికీ ఓ కారణముంది, దాచను. నాలుగో తరగతిలో ఒకడికి నా అందాజ బాగా వంటబట్టింది. సారు ఆవుకు కాళ్ళెన్నిరా అని అడిగితే లేచి నిలబడి, "అందాజ నాలుగు సార్" అన్నాడు.

ఆ రోజునుంచి సారు నన్ను చూస్తే ఓ మాదిరిగా నమస్కారం పెట్టేవాడు.

ఇక ఆ పిల్ల. ఐదో తరగతి. రెండు జడలు, నూనె చెవుల మీదికి కారుతుండేది. నోటిలెక్కల్లో దాన్ని మించినవాళ్ళు నా కొలువంతటిలో లేరు. నేను ప్రశ్న పూర్తి చేసేలోపే అది జవాబు చెప్పి కిటికీలోంచి వ్యాగన్లు చూస్తుండేది. కానీ కాగితమిస్తే జవాబొక్కటే రాసేది. సంవత్సరం పరీక్షలోనూ అంతే చేసింది. సారు దారికి మార్కులు పెట్టేవాడు, జవాబుకు కాదు. లెక్కల్లో పిల్ల తప్పింది.

తప్పితే మళ్ళీ చదువుతుందిలే అనుకుంటారు మీరు. వాళ్ళ నాయన బొగ్గు టబ్బుల్లోకి నింపే ఫిల్లరు. నల్లా దగ్గర అందరి ముందూ చెప్పాడు: "పాసైతె పెద్దబడికి పంపుత. ఫెయిలైతె కమాన్‌పూర్ల మా అవ్వకాడికి తోలుత. బర్లను గాసుకుంట ఉంటది."

బర్రె మాట వినబడ్డాక నేను బిందె అక్కడే దించి బడికి తిరిగొచ్చాను. పైన మీరు విన్న తగువు అప్పటిదే.

మా అరుపులకు పెద్దసారు లోపల్నుంచి చెప్పులు లేకుండానే వచ్చాడు.

"అరె, ఇది బడియా, మచ్ఛీ మార్కెటా? ఏందిది?"

సారు కాగితం చూపించాడు. నేను చీపురు చూపించాను. పెద్దసారు రెండూ చూసి, కాగితమే తీసుకున్నాడు.

"సారు చెప్పేది కరెక్టే. ఆయమ్మ చెప్పేదీ ఉన్నది. ఎల్లుండి రిజల్టు బోర్డుకెక్కాలె. రేపు పొద్దున పిల్లను పిలువుర్రి, వాళ్ల నాయిననూ పిలువుర్రి. సారు అడుగుతడు, పిల్ల చెప్తది. సారు తీర్పే తీర్పు." నా వైపు తిరిగాడు. "ఆయమ్మా, నువ్వు ఉండొచ్చు. నోరు తెరువొద్దు."

"నేనేమంట పెద్దసారూ?"

"గిదే, గిప్పుడన్నవే, గది గూడ అనొద్దు."

మర్నాడు ఎనిమిదింటికి వాళ్ళ నాయన నైటు షిఫ్టు దిగి తిన్నగా బడికే వచ్చాడు. ముఖం కడుక్కున్నా కంటి రెప్పల్లో బొగ్గు పోలేదు. లోపలికి రమ్మంటే, "మసి బట్టలు సార్, ఇక్కడ్నే ఉంట" అని గడప దగ్గర టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. పెద్దసారు ఆయన కళ్ళు చూసి, "సుర్మా జబర్దస్త్ పెట్టినవు బిడ్డా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. పిల్ల బల్ల ముందు నిలబడింది. నేను మూలన, కొంగు నోట్లో కుక్కుకుని.

సారు అడిగాడు. "ముప్పై తొమ్మిదిని ఆరుతో హెచ్చిస్తే ఎంతమ్మా?"

"రెండు వందల ముప్పై నాలుగు సార్."

సారు కాగితం మీద వేసి చూసుకున్నాడు. "ఎలా వచ్చింది?"

"నలభై అనుకున్న సార్. నలభై ఆర్లు రెండు వందల నలభై. ఓ ఆరు ఎక్కువైంది గద, తీసేసిన."

సారు కుర్చీలోంచి కొంచెం లేచాడు. "అదీ! అదేనమ్మా దారంటే. నీకొచ్చు కదా! ఇప్పుడు నోటితో చెప్పింది కాగితం మీద రాస్తే నీ చెయ్యేమైనా అరుగుతుందా?"

పిల్ల నా వైపు చూసింది. "చెయ్యి గాదు సార్. కాయితం ఖరాబైతదని ఆయమ్మ తిడ్తది."

పెద్దసారు మెల్లగా నా వైపు తిరిగాడు. లెక్కల సారూ తిరిగాడు. గడప దగ్గరి నాయన కూడా మెడ చాచి చూశాడు. నోరు తెరవొద్దన్నారు కాబట్టి తెరవలేదు. కొంగు ఇంకో రెండంగుళాలు లోపలికి పోయింది.

సారుకు ఉత్సాహం వచ్చింది. పుస్తకం తీశాడు. "సరే. పదిమంది కూలీలు ఒక కాలువను ఆరు రోజుల్లో తవ్వారు. అదే కాలువను ఐదుగురు ఎన్ని రోజుల్లో తవ్వుతారు?"

పిల్ల పెదవులు కదిలాయి. పన్నెండు అనబోతున్నదని నాకు తెలుసు. పెదవి మీద పన్నెండు కనబడింది కూడా. అంతలో ఆగింది. కిటికీలోంచి బయటకు చూసి, ఇంకా ఆలోచించి, "పద్నాలుగు సార్" అన్నది.



"పద్నాలుగా?"

"పదమూడు అయితదేమో సార్. జీతాల వారమైతె మాత్రం పద్నాలుగు."

"జీతాల వారమేంటి?"

"ఐదుగురంటిరి గద సార్. ఐదుగురు దినాం రారు గద. ఒకలకు జరమొస్తది. ఒకలు నాగా పెడ్తరు. జీతాలు పడ్డ మర్నాడు మా నాయిన గ్యాంగుల..."

"ఏయ్!" గడప దగ్గరినుంచి గొంతు. "గవన్ని గిక్కడెందుకే!"

నాగా అంటే డ్యూటీకి పోకుండా ఉండిపోవడం. జీతాలు పడిన మర్నాడు గనిలోకి దిగేవాళ్ళు పట్టుకుపోయే ల్యాంపులు సగం గూట్లోనే ఉంటాయని కాలనీలో చంటిపిల్లకూ తెలుసు. ఆ ల్యాంపుల్లో వాళ్ళ నాయనదీ ఒకటని పంతుళ్ళకు అప్పుడే తెలిసింది. పెద్దసారు దగ్గుతున్నట్టు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నాకేమో నవ్వు రాలేదు. ఒలికిపోయే పదిహేడో బిందె ఇక్కడికొచ్చి ఒలికిందని నాకొక్కదానికే తెలుసు. మొట్టికాయ వేసి మరీ నేర్పాను కదా.

సారు పుస్తకం మూశాడు. తప్పు అంటాడనుకున్నాను. అనలేదు. చాలాసేపు పిల్లను చూసి, చిన్నగా, మా అందరికంటే చిన్నవాడిలా అన్నాడు. "అమ్మా, ఈ పుస్తకంలో కూలీలకు నాగాలుండవు. జ్వరాలు రావు. పెళ్ళిళ్ళకు పోరు. రోజూ అందరూ వస్తారు."

"గట్లెట్ల సార్? మనుషులు గాదా?"

"కాదు. లెక్కలో మనుషులు."

పిల్లకు ఆ కూలీల మీద జాలి కలిగినట్టుంది. "అయితె పన్నెండే సార్. సగం మంది, రెండింతల రోజులు."

"మరి ఇందాక పద్నాలుగన్నావు. ఇప్పుడు పన్నెండంటున్నావు. నీ కాగితంలో జవాబొక్కటే రాసి ఉంటే, నువ్వు నాగాలు కలిపావో, తప్పు చేశావో, పక్కన చూసి రాశావో నాకెలా తెలుస్తుంది? నువ్వు నా పక్కన ఉండవు కదా అడగడానికి."

నోరు తెరవొద్దన్నది ఆ క్షణాన నాకు మేలే అయింది.

అప్పుడు వాళ్ళ నాయన లేచి నిలబడ్డాడు. నాగాల మాట మరుగున పడాలని లేచాడో, బిడ్డ కోసమే లేచాడో నాకిప్పటికీ తెలియదు. రెండూ అయి ఉండొచ్చు.

"సార్, మా గనిలగూడ గిట్లనే ఉంటది. మేం పని మొదలువెట్టకముందే కప్పు జూసే సర్దారొచ్చి పైకప్పును కర్రతోని కొడ్తడు. చప్పుడు గట్టిగొస్తె మంచిది. డొల్లగొస్తె కూలుతది. చెవుతోనే తెలుస్తది ఆయినకు."

"అందాజ!" అన్నాను. నోరు తెరుచుకుంది, ఏం చేయను.

పెద్దసారు వేలు చూపించాడు. మళ్ళీ కొంగు.

"అందాజనే అక్కా. గాని అంతటితోని ఆగడు. కప్పు మంచిగుందని తెలిసినా ఊకె పోడు. సుద్దతోని అక్కడ తారీకు రాసి, సంతకం పెట్టి పోతడు. ఆ సుద్ద గుర్తు కనవడకుంటె మేం ఆ కప్పు కిందికి పోం. ఆయినకు తెలుసు, సరే. మాకెట్ల తెలువాలె?" కూతురు వైపు తిరిగాడు. "సారు అడిగేది గదేనే బిడ్డా. సుద్ద గుర్తు."

పిల్ల తండ్రిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. గనిలో ఏం జరుగుతుందో ఆయన ఇంట్లో చెప్పినవాడు కాదు.

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచిన రుమాలు కూడా నల్లగానే ఉంది. "సరే. రేపు పొద్దున రిజల్టు పెట్టేలోపు పది లెక్కలు దారితో సహా రాసి చూపించు. ఒక్క గది కూడా వదలకూడదు. చూపిస్తే పాసు." నా వైపు చూసి అన్నాడు, "ఆయమ్మా, మీ అందాజా రాయనివ్వండి. ముందు అందాజ, కింద సాధన. రెండూ ఉండాలి."

ఓడిపోయానో గెలిచానో తేల్చుకోలేక చీపురు తీసుకున్నాను.

పిల్ల నా వెనకే వచ్చింది. "ఆయమ్మా, సుద్దముక్క."

అలవాటుగా డాల్డా డబ్బా మీదికి చెయ్యి పోయింది. గోరంత ముక్కలు. పది లెక్కలు, లెక్కకు మూడు గదులు, పైన అందాజ. నోటిలెక్క వేసి చూసుకుంటే ఆ ముక్కలు రెండో లెక్క దగ్గరే ఆగిపోతాయి. బీరువా తీసి, కొత్త పెట్టె చించి, నిండు సుద్దముక్క ఇచ్చాను. పిల్ల తీసుకోలేదు. చెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడింది.

"ఏందే?"

"పాతదాని మిగులు జూపెట్టాలె గద?"

"పోతవా, మొట్టికాయ ఇయ్యాల్నా?" అన్నాను. తీసుకుని పరుగెత్తింది.

మర్నాడు పొద్దున నేను గేటు తీసేసరికి పిల్ల అప్పటికే లోపలుంది, ప్రహరీ దూకి వచ్చింది. మోకాళ్ళ దాకా తెల్లగా ఉంది. వరండా అంతా, గేటు మెట్టునుంచి ఐదో తరగతి గుమ్మం దాకా, నేలంతా లెక్కలు. పలక మీద పది పట్టవట, కాగితం ఆయమ్మ ఇయ్యదట. ఇవ్వబడినది, కనుగొనవలసినది, సాధన, కింద రెండు గీతలు, ఒక్కటీ వదల్లేదు. ప్రతిదానికీ పైన చిన్న సున్నాలో అందాజ.

సారు వచ్చి చెప్పులు విప్పి, చేతులు వెనక్కి కట్టుకుని, వంగి చదువుకుంటూ నడిచాడు. నాలుగో లెక్క దగ్గర ఆగాడు. అక్కడ ఒక జవాబు కొట్టేసి పక్కన ఇంకోటి రాసి ఉంది.

"ఇదెందుకు కొట్టేశావు?"

"అందాజకు చాన దూరమొచ్చింది సార్. మళ్ల జేసిన."

సారు ముందుకు పోయాడు. పదోది కూలీల లెక్క. మూడు గదులూ సరిగ్గా ఉన్నాయి. జవాబు, పన్నెండు రోజులు. దాని కింద, రెండు గీతలకూ అవతల, చిన్న అక్షరాల్లో రాసి ఉంది: నాగాలు లేకపోతే.

సారు చెయ్యి చాచాడు. నేను డాల్డా డబ్బాలోంచి గోరంత ముక్క తీసి ఇచ్చాను. ఆయన దాని వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, నేల మీద కూర్చుని, ఆ అక్షరాల పక్కన తారీకు వేసి సంతకం పెట్టాడు.

నైటు షిఫ్టు దిగిన నాయన గేటు దగ్గర నిలబడి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ ఆ చివరి వరుస చదివాడు. టిఫిన్ డబ్బా చంకలో పెట్టుకుని పడుకోవడానికి ఇంటికి పోయాడు. నేను గంట కొట్టి, ఆ పూట పిల్లలందరినీ వెనక గుమ్మంలోంచి లోపలికి పంపాను.